సి గ్రూపులో పడితే లెక్కలు వదిలేయాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా పాప తొమ్మిదో తరగతి. బడి తెరవగానే లెక్కల పరీక్ష పెట్టి పిల్లల్ని మూడు గ్రూపులు చేశారు. 30కి 11 వచ్చాయని పాపను సి గ్రూపులో వేసి, సాయంత్రం గంటసేపు అదనపు క్లాసు చెప్తున్నారు. తనకేమో పాలిటెక్నిక్ చదవాలని ఉంది. ఇప్పటినుంచే ఇంటర్‌లో లెక్కలు లేని సీఈసీ అనుకోవడం మంచిదా? – ఒక తండ్రి

జవాబు: అప్పుడే వద్దండి. మీ పాప రాసింది తెలివిని కొలిచే పరీక్ష కాదు, ఏ మెట్టు దగ్గర ఆగిందో చూసేది. మన తెలంగాణ సర్కారు బడుల్లో చదువులో వెనకబడ్డ పిల్లల కోసం పెట్టిన తొలిమెట్టు, ఉన్నతి కార్యక్రమాల్లోనూ ముందు పిల్లల స్థాయి చూసుకునే బోధన మొదలుపెడతారు.

ముందు బడికి వెళ్లి జవాబు పత్రం చూపించమని అడగండి. 11 మార్కులతో మనకు పనిలేదు, తప్పినవి ఎలా తప్పాయో కావాలి. 503లోంచి 278 తీసేస్తే 375 అని రాసిందనుకోండి. అది పరాకు కాదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది. మధ్యలో సున్నా ఉంటే అప్పు ఎక్కడినుంచి తేవాలో తెలియలేదన్నమాట. అదే 1/2 + 1/4 = 2/6 అని రాస్తే లోపం వేరు: లవాలు లవాలకు, హారాలు హారాలకు కలిపేసింది. దీన్ని మీరే ఇంట్లో సరిచేయొచ్చు. ఎకరానికి 40 గుంటలు కదా. అరెకరం 20, పావెకరం 10, కలిపితే 30 గుంటలు. 2/6 అంటే పద్నాలుగు గుంటలు కూడా రావు. అరెకరానికి ఇంకొంత కలిపితే భూమి తగ్గుతుందా అని అడగండి, తనే పట్టుకుంటుంది.

ఈ రెండు తప్పులు చేసే ఇద్దరు పిల్లలకూ 11 మార్కులే రావచ్చు. మొత్తం మార్కులు చూసి ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్తే ఒకరికి టైం వృథా. గ్రూపులు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. అందుకే టీచర్‌ను అడగండి: మా పాపకు ఈ నెల ఏ అంశం నేర్పుతున్నారు? మళ్లీ పరీక్ష ఎప్పుడు? నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఆ ఒక్క అంశం మీద పది ప్రశ్నలిచ్చి, ఎనిమిది సరిగ్గా చేసినవాళ్లను ముందుకు పంపాలి. జూన్‌లో వేసిన గ్రూపు మార్చి దాకా కదలకపోతే అది నేర్పడం కాదు, ముద్ర వేయడం. ఇంకోటి, ఈ క్లాసు కోసం మామూలు లెక్కల పీరియడ్ మాత్రం పోకూడదు. పోతే తొమ్మిదో తరగతి పాఠాల్లోనూ వెనకబడుతుంది.

పరీక్ష ఇంగ్లిష్‌లో ఉందేమో కూడా చూడండి. తప్పిన ప్రశ్నలనే తెలుగులో చదివి వినిపించి, తొందరపెట్టకుండా చేయించండి. చేసేసిందంటే ఇబ్బంది లెక్కల్లో లేదు, భాషలోనో టైంలోనో ఉంది. ఆ సంగతి టీచర్‌కు చెప్పండి, గ్రూపు మారొచ్చు.

ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఆరు లెక్కలు: నాలుగు ఇప్పుడు నేర్చుకుంటున్నవి, రెండు పాతవి. చేస్తూ ఎందుకలా చేసిందో పైకి చెప్పమనండి, మీకు లెక్కలు రాకపోయినా వినండి. చెప్పేటప్పుడు ఎక్కడ ఆగిపోతుందో అక్కడే లోపం. చుట్టాల ముందు మాత్రం సి గ్రూపు మాట ఎత్తకండి, పిల్లలు దాన్నే నమ్మేస్తారు.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో ఇంజినీరింగ్ డిప్లొమాలకు 120 మార్కుల్లో 60 లెక్కలవే, అవీ పదో తరగతి స్థాయివే. కాబట్టి లెక్కలు గట్టిపడాల్సిందే, కానీ అందుకు దాదాపు రెండేళ్లుంది. సీఈసీకి వెళ్లినా శాతాలు, భిన్నాలు తప్పవు. ఈ ఏడాది చివరికల్లా భిన్నాలు, రుణ సంఖ్యలు, 3x – 7 = 11 లాంటి సమీకరణాలు ఎవరి సాయం లేకుండా చేయగలిగితే పాలిటెక్నిక్ వైపే నడిపించండి. ఏ కోర్సన్నది పదో తరగతి అర్ధవార్షిక పరీక్షల తర్వాత పాపను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడొచ్చు.