పళ్ళ డాక్టరమ్మకు ఉత్తరాలు: మూడు రోజుల్లో ఇంప్లాంట్, నిజమేనా?

ప్రశ్న: ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. వయసు 61. కింది దవడలో ఎడమవైపు చివరి పళ్ళు రెండూ పీకించి ఎనిమిదేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ కుడివైపే నములుతూ నెట్టుకొచ్చాను. ఇప్పుడు అటువైపువీ కదులుతున్నాయి. షుగర్‌కు మాత్రలు వేసుకుంటున్నా. ఖైనీ అలవాటుంది. మా ఊరి డాక్టరు బ్రిడ్జి కుదరదు, ఇంప్లాంట్ వేయించుకోమన్నారు. మా బావమరిది హైదరాబాద్‌లో మూడు రోజుల్లో నోటి నిండా పళ్ళు కట్టించుకుని వచ్చాడు. నాకూ అలా కుదురుతుందా? జీవితాంతం ఉంటాయంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మీ డాక్టరు చెప్పింది సరైనదేనండీ. బ్రిడ్జి కట్టాలంటే ఖాళీకి ముందూ వెనకా పళ్ళుండాలి. మీకు వెనక పన్నే లేదు. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలోకి బిగించే టైటానియం స్క్రూ, దాని మీద పన్నులాంటి క్యాప్ వేస్తాం.

మీ బావమరిది సంగతి వేరు. నోట్లో పళ్ళన్నీ పోయినవాళ్ళకు చాలా స్క్రూలు బిగించి, వాటన్నిటినీ ఒకే గట్టి చట్రంతో కలిపేస్తారు. బరువు అన్నిటి మీదా పంచుకుంటుంది కాబట్టి కొందరికి వెంటనే పళ్ళు పెట్టొచ్చు. మీకు కావాల్సినవి రెండు దవడ పళ్ళు. నమిలే బరువంతా పడేది అక్కడే. స్క్రూ పెట్టాక కింది దవడకైతే మామూలుగా రెండు మూడు నెలలు ఆగి క్యాప్ వేస్తాం. ఆ వ్యవధి ఎముక టైటానియాన్ని పట్టుకోవడానికి. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే పరిశోధకుడు 1950లలో కుందేలు ఎముకలో టైటానియం పరికరం పెట్టి, తర్వాత తీయబోతే ఊడి రాలేదు. ఈ వైద్యమంతా అక్కడ మొదలైంది. 1965లో ఆయన ఇంప్లాంట్లు పెట్టిన మొదటి మనిషికి అవి నలభై ఏళ్ళు పనిచేశాయి. అలాగని ‘లైఫ్‌టైమ్ గ్యారంటీ’ అని కార్డు రాసిచ్చేవాళ్ళను నేను నమ్మను. స్క్రూ మన్నినా, చుట్టూ ఉన్న ఎముక మన్నాలి కదా.

ఎనిమిదేళ్ళు ఖాళీగా ఉన్నచోట ఎముక సన్నబడుతుంది, ఎత్తూ తగ్గుతుంది. దాని కింద నుంచే కింది పెదవికీ గడ్డానికీ వెళ్ళే నరం పోతుంది. స్క్రూ దానికి కనీసం రెండు మిల్లీమీటర్లు పైనే ఆగాలి. నరం దెబ్బతింటే సగం పెదవి మొద్దుబారి, టీ కారిపోతున్నా తెలియదు. అందుకే దవడను అన్ని వైపుల నుంచీ చూపే త్రీడీ ఎక్స్‌రే, అంటే సీబీసీటీ స్కాన్ అడుగుతారు. డబ్బులు గుంజడానికని అనుకోకండి, చిన్న ఎక్స్‌రేలో ఎముక వెడల్పు కనబడదు. ఇంకొకటి, అద్దం ముందు నోరు తెరిచి పైవరస చూసుకోండి. ఎదురుగా పన్ను లేక పైపన్ను కిందికి జారి ఉంటే, క్యాప్‌కు చోటు చాలక ముందు దాన్ని సరిచేయాల్సి వస్తుంది.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఎడమవైపు ఖాళీ కాదు, కుడివైపు కదులుతున్న పళ్ళు. అది చిగుళ్ళ జబ్బు అయివుంటుంది. దాన్ని వదిలేసి ఇంప్లాంట్ పెడితే అదే జబ్బు స్క్రూ చుట్టూ ఎముకనూ తింటుంది. ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు కానీ ఈ జబ్బు పడుతుంది. నొప్పి తెలియదు, తెలిసేసరికి స్క్రూ ఊగుతుంది. ముందు క్లీనింగ్, చిగుళ్ళ వైద్యం చేయించుకోండి.

షుగర్ ఉంటే ఇంప్లాంట్ వద్దని కాదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ వన్‌సీ పరీక్ష చేయించుకోండి. ఏడు దగ్గరుంటే మొదలుపెడతాను, ఎనిమిది దాటితే ముందు మీ షుగర్ డాక్టరు దగ్గరికే పంపుతాను. పరగడుపు పరీక్ష ఒక్కటే తెచ్చి చూపిస్తే నాకు చాలదు. ముందు రెండు రోజులు అన్నం మానేసి వచ్చేవాళ్ళను రోజూ చూస్తుంటాను!

ఖైనీ మానాలి. తగ్గించడం కాదు. మీరు దాన్ని పెట్టుకునే చోట చిగురు తెల్లగా, ముడతలుగా మారిందేమో డాక్టరుకు చూపించండి. మారివుంటే క్యాన్సర్ కాదని తేలాకే ఇంప్లాంట్ మాట. ఎముకలు గుల్లబారకుండా ఇంజెక్షన్లో, వారానికో మాత్రో వాడుతున్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి. అడగకుండా వాటిని మీరే ఆపేయకండి.

రేటు అడిగేటప్పుడు స్క్రూ ఒక్కదానికా, పైన క్యాప్‌తో కలిపా అని అడగండి. చాలా గొడవలు అక్కడే వస్తాయి. స్క్రూ డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరుంటుంది, అది మీ ఫైల్లో అంటించమనండి. రేపు క్యాప్‌ను పట్టుకునే లోపలి చిన్న స్క్రూ వదులైతే ఏ ఊళ్ళో డాక్టరైనా దానికి సరిపడే స్క్రూడ్రైవర్ వెతకాలంటే ఆ చిన్న కాగితమే ఆధారం.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్ళు. సైకిల్ మీంచి పడి పై ముందు పన్ను ఊడిపోయింది. ఇంప్లాంట్ పెట్టించాలా?
- ఒక తల్లి, మర్రిగూడ

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. దవడ ఇంకా పెరుగుతోంది. పక్కపళ్ళు దవడతో పాటు కిందికి దిగుతాయి, ఇంప్లాంట్ మాత్రం పెట్టినచోటే ఉండిపోయి పొట్టిగా కనిపిస్తుంది. ఎదుగుదల ఆగిందని తేలాకే పెట్టించండి. అందాకా పక్కపళ్ళను అరగదీయకుండా, వెనకవైపు అంటించే బ్రిడ్జి అడగండి. మీ వైపు ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల మిగతా పళ్ళ మీద గోధుమరంగు చారలుంటే, తెల్లని పన్ను ఒక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పగటి వెలుతురులో ఫోటోలు తీసి ల్యాబ్‌కు పంపమనండి, ఆ చారలు కూడా వేస్తారు.