టెక్ సందేహాలు: విమానం హోరు తగ్గింది, పాప ఏడుపు తగ్గలేదేం?

ప్రశ్న (పలాస నుంచి): విశాఖలో ప్రొపెల్లర్ విమానం ఎక్కేముందు నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ కొన్నాను. ఇంజిన్ హోరు బాగానే తగ్గింది గానీ వెనక సీట్లో పాప ఏడుపు అలాగే వినిపించింది. నకిలీ సరుకు అంటగట్టారా?

లేదండీ, హోరు తగ్గిందంటే అది పనిచేస్తున్నట్టే. బడ్‌లోని చిన్న మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది, చిప్ దానికి సరిగ్గా ఎదురు అలను తయారుచేసి స్పీకర్లోంచి వదులుతుంది, ఆ అల పైకి లేచిన చోట ఇది కిందికి దిగుతుంది కాబట్టి రెండూ కలిసి చాలావరకు అణగిపోతాయి. ఇది కుదరాలంటే శబ్దం బొంగురుగా, ఒకే తీరుగా ఉండాలి. మీరెక్కింది క్యూ400 రకం ప్రొపెల్లర్ విమానం అనుకుందాం. ఆరు రెక్కల ప్రొపెల్లర్, పైకి వెళ్లాక నిమిషానికి 850 చుట్లు, అంటే సెకనుకు 85 రెక్కల దెబ్బలు. ఆ 85 హెర్ట్జ్ మోతకు అల పొడవు దాదాపు 4 మీటర్లు, దాన్ని అందుకోవడం చిప్‌కు తేలిక. ఏడుపులో చెవికి గుచ్చుకునేది 1000 హెర్ట్జ్ పైన ఉండే భాగం. అక్కడ అల 34 సెంటీమీటర్ల లోపే, చిప్ రవ్వంత ఆలస్యం చేసినా గురి తప్పుతుంది. దాన్ని ఆపాల్సింది ఇయర్‌టిప్, అంటే బడ్ చివర చెవిలో దూరే మెత్తటి తొడుగు. పెట్టెలో వచ్చిన సైజులన్నీ పెట్టి చూడండి, రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలనేం లేదు.

అన్నట్టు, ఈ పని విమానం కూడా చేస్తుంది. క్యూ400 కేబిన్‌లో మైకులుంటాయి, అవి విన్నదాన్ని బట్టి గోడ వెనక ఫ్రేములకు బిగించిన పరికరాలు ఎదురు ఊపు ఇస్తాయి. మీ చెవి దాకా వచ్చింది అప్పటికే తగ్గిన హోరు.

ప్రశ్న (చీపురుపల్లి నుంచి): మా అబ్బాయి పైలట్ ట్రైనింగ్‌లో చేరాడు. లక్ష దాటే ఏఎన్‌ఆర్ హెడ్‌సెట్ అడుగుతున్నాడు. అవసరమా, షోకా?

షోకు కాదండీ. ఏఎన్‌ఆర్ అంటే యాక్టివ్ నాయిస్ రిడక్షన్, పైన చెప్పిన ఎదురు అల పద్ధతే. ట్రైనింగ్ విమానాల్లో రెండు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 2400 చుట్లు తిరిగితే 80 హెర్ట్జ్ మోత, పైగా గోడలు పలచన. మామూలు హెడ్‌సెట్ కప్పులు కీచు శబ్దాన్ని బాగా ఆపుతాయి గానీ ఈ బొంగురు మోతను అంతగా ఆపలేవు, దాంతో గంటల తరబడి తల బరువెక్కుతుంది, రేడియోలో మాట సరిగ్గా అందదు. 1986లో డిక్ రూటన్, జీనా యేగర్ అనే పైలట్లు మధ్యలో ఇంధనం నింపుకోకుండా 9 రోజులు ఎగిరి ప్రపంచాన్ని చుట్టినప్పుడు బోస్ కంపెనీ నమూనా ఏఎన్‌ఆర్ హెడ్‌సెట్లే వాడారు. 1989లో అవి మార్కెట్లోకి వచ్చాయి. నా మాటగా చెప్పాలంటే, కొనండి గానీ ఇప్పుడే కాదు. తొలి సోలో, అంటే ఒంటరిగా విమానం నడపడం, అయ్యేదాకా మంచి కప్పులున్న మామూలు హెడ్‌సెట్ చాలు. ఆ తర్వాత కొనేటప్పుడు రెండు చూడండి: ప్లగ్గు వాళ్ల స్కూలు విమానానికి సరిపోతుందా, బ్యాటరీ అయిపోయినా మైకు, రేడియో నడుస్తాయా.

ప్రశ్న (రాజాం నుంచి): జూట్ మిల్లులో మగ్గాల దగ్గర పని. ఇవే బడ్స్ పెట్టుకోవచ్చా?

వద్దు, దయచేసి వాటిని నమ్ముకోకండి. మగ్గం చేసేది టకటక కొట్టే శబ్దం, అలాంటి దెబ్బలను ఈ చిప్పులు పట్టుకోలేవు. రోజుకు 8 గంటలు 85 డెసిబెల్స్ దాటితే వినికిడికి ముప్పే, పోయిన వినికిడి తిరిగి రాదు. ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ (శబ్దాన్ని ఎంత తగ్గిస్తుందో చెప్పే) అంకె ఉన్న ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ అడగండి. వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపల పెట్టాక అది ఉబ్బేదాకా వేలితో నొక్కి పట్టుకోండి. సగం బయటికి కనబడుతుంటే సరిగ్గా కూర్చోనట్టే, తీసి మళ్లీ పెట్టాలి.