25 శాతం ఉచిత సీట్లతో తేడాలు పోతాయా?

"ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లు పేదలకే ఇస్తున్నారుగా, చదువులో పేద, ధనిక పిల్లల మధ్య ఇంకా అసమానత ఎక్కడిది?" అని కొందరు అడుగుతుంటారు. అసలు తిరకాసంతా సీటు ఏ తరగతిలో ఇస్తున్నారన్న దాంట్లోనే ఉంది.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) ప్రకారం బడిలో నర్సరీ ఉంటే అక్కడి నుంచే 25 శాతం ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చేది ఒకటో తరగతిలో. అప్పటికి మిగతా పిల్లలు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అక్కడే చదివి ఇంగ్లీషులో డిక్టేషన్ రాస్తుంటారు. అంగన్‌వాడీ నుంచి వచ్చిన పిల్ల, టీచర్ ఏ పుస్తకం తీయమందో అర్థంకాక పక్కమ్మాయి బ్యాగులోకి చూస్తుంది. మొదటి యూనిట్ టెస్టుకే 'వీక్' అని ముద్ర. ఆ మూడేళ్ల లోటు పూడ్చే బాధ్యత ఎవరిదో ఏ జీవోలోనూ ఉండదు.

ఇక డబ్బు సంగతి. చట్టం ప్రకారం ఫీజు ప్రభుత్వమే బడికి తిరిగి చెల్లించాలి. ఆంధ్రప్రదేశ్‌లో మొదట ఒక్కో పిల్లకు ఏడాదికి ఖరారు చేసింది పట్టణాల్లో 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలు. అదీ పిల్లల్ని బడికి పంపే తల్లులకు అప్పటి ప్రభుత్వం ఇచ్చిన అమ్మ ఒడి డబ్బులోంచి తల్లే కట్టాలన్నారు. సర్కారు బడిలో వేసినా ఆమెకు ఆ అమ్మ ఒడి వచ్చేదే కదా! మరి ఇందులో ఉచితం ఏముంది? పైగా పుస్తకాలు, బూట్లు, డైరీ, బస్సు అంటూ బడి వాళ్లు ఇంకో చీటీ చేతిలో పెడతారు. తెలంగాణలోనైతే ఏళ్ల తరబడి ఈ మాత్రం కూడా అమలు కాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీటుకు దరఖాస్తు పెట్టేవాళ్లు ముందు పిల్లల పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ బర్త్ సర్టిఫికెట్‌లోనూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే నోటిఫికేషన్ రాకముందే సరిచేయించండి. అద్దె ఇంట్లో ఉంటే చిరునామా రుజువు సిద్ధం చేసుకోండి, ఇంటి నుంచి బడికి దూరం లెక్క దాన్నిబట్టే. లాటరీలో పేరొస్తే గడువులోగా బడికెళ్లి అడ్మిషన్ ఖాయం చేసుకోవాలి, లేదంటే సీటు పోతుంది. ప్రభుత్వ సాయం తీసుకోని మైనారిటీ బడులను మాత్రం ఎంచుకోకండి. 2012లో సుప్రీంకోర్టు వాటికి మినహాయింపు ఇచ్చింది.

ఈ ఉచితం ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదో తరగతికి ఫీజెంతో ఒకటిలో చేర్చే రోజే అడగండి.