కువైట్‌లో ఉన్న మనిషి మీద రాజోలులో కేసు నిలుస్తుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి మీద ఉన్నాయి. పిల్లలు ఇక్కడ, డబ్బు పంపాల్సిన మనిషి పరాయి దేశంలో. మూడూ కలిపి ఇస్తున్నాం. జవాబులు మా న్యాయవాది అమ్మగారివి.

ప్రశ్న: అమ్మా, మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామమండి. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. ఆయన కువైట్‌లో డ్రైవరు. మొదట్లో నెలనెలా బ్యాంకులో వేసేవారు. రెండేళ్ల నుంచి ఒక్క రూపాయి లేదు, ఫోన్ చేస్తే నా నంబరు బ్లాక్. అక్కడ ఇంకొకావిడతో ఉంటున్నారని మా ఊరి నుంచి వెళ్లినవాళ్లే చెప్తున్నారు. అత్తయ్యగారిని అడిగితే ‘మా మాట వినట్లేదమ్మా, మేమేం చేస్తాం’ అంటారు, కానీ వాళ్లకి డబ్బులు అందుతూనే ఉన్నాయండి, మొన్న వరండాకి టైల్స్ కూడా వేయించారు. పెద్దల్లో పెట్టాం. పిల్లలకి నెలకి ఇంత ఇస్తాడని ఒప్పించి, ఇక ఏ కేసూ వేయనని స్టాంపు కాగితం మీద నాతో సంతకం పెట్టించుకున్నారు. కొన్నాళ్లు ఇచ్చి మానేశారు. ఇప్పుడు కోర్టుకి వెళ్దామంటే, మనిషి దేశంలో లేకపోతే కేసు నిలవదని ఒక పెద్దాయన అంటున్నారు. నేను లేసు అల్లుతాను, దాంతో ఫీజులు కూడా రావట్లేదు. ఆయన వచ్చేదాకా ఆగాలా?
– పేరు వద్దండి, రాజోలు దగ్గర

జవాబు: నిలుస్తుందమ్మా, నిక్షేపంగా నిలుస్తుంది. భరణం కేసు భర్త ఉన్నచోటే వేయాలని ఎక్కడా లేదు, భార్య ఉంటున్న చోట కూడా వేయొచ్చు. భరణం గురించి ఇదివరకు అందరి నోటా నానిన సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125, 2024 జులై 1 నుంచి కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్ అయింది. ఏ కోర్టులో వేయాలో పక్కనే ఉన్న 145 చెప్తుంది. మీరు పుట్టింట్లో ఉన్నా సరే, ఆ ఊరు ఏ మేజిస్ట్రేట్ కోర్టు కిందికి వస్తే అక్కడ వేసుకోవచ్చు. మతంతో కూడా పని లేదు, ఈ సెక్షన్ అందరికీ ఒకటే.

ఆయన వచ్చేదాకా ఆగాలా అన్నారు. ఆగొద్దు. 2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కగట్టాలని చెప్పింది. అంటే పిటిషన్ వేయకముందు గడిచిపోయిన నెలలకి ఈ సెక్షన్ కింద పైసా రాదు. సంక్రాంతికి వస్తాడేమో, వచ్చాక మాట్లాడదాం అని ఎదురుచూసి ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లు కోనసీమలో ఊరికి ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. వచ్చినాయన కూడా ఏదో పెళ్లికి వచ్చినట్టు పది రోజులుండి, మాట్లాడదాం మాట్లాడదాం అంటూనే విమానం ఎక్కేస్తాడు.

ఆ స్టాంపు కాగితం సంగతి. భరణం పిల్లల హక్కు, తల్లి సంతకం పెట్టి వదులుకుంటే పోయేది కాదు. పైగా వాళ్లు రాసిన మాట వాళ్లే తప్పారు. ఆ కాగితాన్ని చింపేయకండి, పిల్లలకి ఇవ్వాల్సిన బాధ్యత ఉందని ఆయన తరఫువాళ్లే ఒప్పుకున్నట్టు అది మీకే సాక్ష్యం. ఇంకొకావిడ గురించి మాత్రం పిటిషన్‌లో పేజీలు నింపొద్దు. పిల్లల భరణానికి దాంతో సంబంధం లేదు. మీ సొంత భరణం దగ్గర ఒకచోట పనికొస్తుంది, ‘మా అమ్మావాళ్ల ఇంటికొచ్చి ఉండు, అప్పుడు పోషిస్తా’ అని ఆయన తరఫు ప్లీడరు అంటే, భర్త మరొకరితో ఉంటున్నప్పుడు భార్య వెళ్లనవసరం లేదని చట్టంలోనే ఉంది. ఆ పాటి రాయించండి, చాలు.

అత్తమామల మీద కోపం అర్థమవుతోంది, టైల్స్ చూస్తే నాకూ వస్తుంది. కానీ కొడుకు బతికుండగా కోడలికి భరణం ఇవ్వమని మామగారిని కోర్టు అడగదు, మామగారు పోషించాలనే సెక్షన్ వేరే ఉంది, అది విధవరాలైన కోడలికి మాత్రమే. వాళ్లని పార్టీలుగా చేర్చి కేసు బరువు పెంచుకోవద్దు. వాళ్లకి డబ్బు అందుతోందన్న సంగతిని మాత్రం ఆయన సంపాదనకి రుజువుగా వాడుకోండి.

సంపాదన రుజువే ఈ కేసుకి ప్రాణం. కోర్టులో ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు చూపిస్తూ అఫిడవిట్ వేయాలి, ఆ రజనీశ్ కేసులోనే పద్ధతి పెట్టారు. ఆయన రాడు, వేయడు. అప్పుడు మీ కాగితాలే మాట్లాడాలి. మీ బ్యాంకుకి వెళ్లి, ఆయన డబ్బు పంపిన రోజుల నుంచీ స్టేట్‌మెంట్ తీయించండి. నెలకి ఎంత పంపగలిగేవాడో అందులో నెలనెలా కనిపిస్తుంది, కువైట్ దినార్ ఒక్కటి మన 250 రూపాయల పైనే కాబట్టి ‘అక్కడ జీతం చాలట్లేదు’ అనే మాట ఎంతవరకు నమ్మాలో జడ్జిగారికీ తెలుస్తుంది. ఆయన పాస్‌పోర్ట్ జిరాక్స్, అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) కాపీ, వీసా కాగితం, కంపెనీ లేదా కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) పేరు, ఏది దొరికితే అది. పదో తరగతి పాసవకుండా వెళ్లి ఉంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకునే వెళ్లాలి, ఆ రికార్డులో యజమాని వివరాలుంటాయి. వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఫోన్ మార్చకండి, అమ్మకండి. ఫోన్‌లోది కోర్టులో చెల్లాలంటే దానికో సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ ప్లీడరు చూసుకుంటారు. పిల్లల ఖర్చు కూడా నోటిమాటగా కాకుండా స్కూలు ఫీజు రసీదులు, ఆటో బాడుగ, మందుల బిల్లులతో చూపించండి.

ఇక అందరికీ టెన్షన్ పెట్టేది సమన్లు. కువైట్‌లో మనిషికి ఇక్కడి కాగితం ఎలా అందుతుంది? దారులున్నాయి. మన రెండు దేశాల మధ్య సమన్లు అందించడానికి, తీర్పులు అమలు చేయడానికి 2007లో ఒప్పందం కుదిరింది. ఆ దారి ఢిల్లీ మీదుగా వెళ్తుంది, నెమ్మదిగా వెళ్తుంది. కొత్త చట్టంలో సమన్లు ఎలక్ట్రానిక్‌గా పంపే వీలు కూడా పెట్టారు, అందుకని ఆయన వాడుతున్న వాట్సాప్ నంబరు, ఈమెయిల్, ఇక్కడి ఇంటి చిరునామా, అక్కడి చిరునామా, అన్నీ పిటిషన్‌లో రాయించి అన్ని దారుల్లోనూ పంపమని అడగండి. ఈ పని చిరాకుగా ఉంటుంది, వాయిదాలు దీనికే పోతాయి, అయినా ఇక్కడ తొందరపడి అడ్డదారి తొక్కొద్దు. కావాలని తప్పించుకుంటున్నాడని జడ్జిగారికి నమ్మకం కుదిరితే ఆయన లేకుండానే ఎక్స్ పార్టీ ఆర్డర్ ఇస్తారు. ఆ ఆర్డర్‌ని మూడు నెలల్లోపు వచ్చి రద్దు చేయమని అడిగే హక్కు ఆయనకి ఉంది, సమన్లు సరిగ్గా అందలేదని చూపించగలిగితే మీ కష్టమంతా మొదటికొస్తుంది.

ఈలోపు మధ్యంతర భరణం అడగండి. నోటీసు అందిన నాటి నుంచి వీలైనంత వరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టం. ‘వీలైనంత వరకు’ అన్న మాట ఎంత సాగుతుందో కోర్టు మెట్లెక్కినవాళ్లకి తెలుసు, అయినా అడగకపోతే అసలే రాదు.

ఆర్డర్ వచ్చాక డబ్బు ఎలా వస్తుందన్నది అసలు ప్రశ్న. ఆయన పేరు మీద ఇక్కడ ఏమున్నాయో ఇప్పటి నుంచే కూపీ లాగండి. మీభూమిలో వన్ బి, అడంగల్ చూడండి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆస్తి అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీయండి. పావు ఎకరం కొబ్బరితోట ఆయన పేరున ఉన్నా అది మీ పిల్లలకి ఆధారం, బకాయిని భూమి శిస్తు బకాయిలా వసూలు చేయమని కోర్టు కలెక్టరుకి వారంట్ పంపగలదు. ఎన్ఆర్ఈ ఖాతా (విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడ తెరిచే బ్యాంకు ఖాతా) ఉంటే ఆ వివరం కూడా ఇవ్వండి. ఆయన పవరాఫ్ అటార్నీ ఇచ్చి అన్నదమ్ముల చేత ఆస్తి అమ్మించే ప్రయత్నంలో ఉన్నాడని తెలిస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా ప్లీడరుకి చెప్పండి, సివిల్ కోర్టులో వేరే దావా వేసి ముందుగానే అటాచ్‌మెంట్ (ఆస్తి అమ్మకుండా జప్తు) అడగొచ్చు.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరే చాలామంది నష్టపోతారు. ప్రతి నెల బకాయికీ, అది ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాది లోపల వసూలు పిటిషన్ పడాలి. ‘అన్నీ పోగుచేసి ఒకేసారి వేద్దాం’ అని కూర్చుంటే ఏడాది దాటినవాటికి వారంట్ రాదు. ప్రతి ఏడాదీ, కుదిరితే ఆర్నెల్లకోసారి వేస్తూ ఉండండి. ఎగ్గొట్టిన ఒక్కో నెలకీ ఒక నెల దాకా జైలు వేసే అధికారం కోర్టుకి ఉంది, జైలుకి వెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

కువైట్‌లో ఉన్నవాడిని ఈ వారంట్ ఏం చేస్తుంది అంటారా? పాస్‌పోర్ట్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం కోర్టు సమన్లు గానీ వారంట్ గానీ ఉన్న మనిషి పాస్‌పోర్ట్‌ని అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు. ఆర్డర్, వారంట్ కాపీలు జతచేసి రీజనల్ పాస్‌పోర్ట్ ఆఫీసుకి రాయండి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. పాస్‌పోర్ట్ లేకపోతే అకామా రెన్యువల్ అవదు, అకామా లేకపోతే ఉద్యోగం లేదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఈ సంగతి మీకన్నా బాగా తెలుసు. చాలా కేసుల్లో రాజీ ఫోన్లు మొదలయ్యేది ఇక్కడే. అయితే నా సలహా, పాస్‌పోర్ట్ పోయి ఉద్యోగం కూడా పోతే పిల్లలకి వచ్చేదేమీ ఉండదు, అందుకని ఫోన్ వస్తే మాట్లాడండి, కానీ ఒప్పుకున్నదేదైనా కోర్టులోనే రికార్డు చేయించండి, మళ్లీ స్టాంపు కాగితాలొద్దు.

లుకౌట్ నోటీసు (విమానాశ్రయంలో మనిషిని ఆపే నోటీసు) వేయించేద్దాం అని ఎవరైనా అంటే నమ్మి డబ్బివ్వకండి. అది ప్రధానంగా పోలీసు కేసులకి సంబంధించినది, ఉత్త భరణం కేసులో తేలిగ్గా రాదు. దానికోసమే లేని కట్నం వేధింపులు అల్లి కేసు పెట్టమనే సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. నిజంగా జరిగితే పెట్టండి, జరగకపోతే వద్దు, క్రాస్‌లో (అవతలి ప్లీడరు ప్రశ్నలు వేసేటప్పుడు) మీ భరణం కేసు కూడా పలచబడుతుంది.

ఖర్చు గురించి భయపడకండి. మహిళలకి, పిల్లలకి ఎంత ఆదాయం ఉన్నా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం. కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది, ఒక తెల్ల కాగితం మీద రాసిస్తే ప్లీడరుని పెడతారు. 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

ప్రశ్న: మేడమ్, అందరూ మగవాళ్ల గురించే అడుగుతారు. నా భార్య మస్కట్‌లో ఇంటి పనికి వెళ్లింది. ఇద్దరు పిల్లలు నా దగ్గరే. ఏడాదిన్నరగా ఆమె డబ్బు పంపడం మానేసింది. నేను చేపల చెరువుల మీద కూలికి వెళ్తాను. ఆమె మీద నేను కేసు వేయొచ్చా?
– నరసాపురం ప్రాంతం

జవాబు: పిల్లల తరఫున వేయొచ్చండి. 1956 హిందూ దత్తత, భరణాల చట్టం 20వ సెక్షన్‌లో పిల్లల్ని పోషించే బాధ్యత తండ్రితోపాటు తల్లి మీద కూడా పెట్టారు. మీకు వర్తించేది ఆ చట్టమైతే దావా వేయొచ్చు. కానీ వేసే ముందు ఒకటి చేయండి. ఆమె క్షేమంగా ఉందో లేదో కనుక్కోండి. ఇంటి పనికి వెళ్లినవాళ్లకి జీతం ఆపేయడం, ఫోన్ లాగేసుకోవడం, పాస్‌పోర్ట్ యజమాని దగ్గరే ఉంచుకోవడం కొత్త కాదు. డబ్బు ఆగడానికి మనసు మారడమే కారణం అవ్వాలని లేదు. మదద్‌లో పెట్టండి, విదేశాల్లోని తెలుగువాళ్ల కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి ఫోన్ చేయండి, పంపించిన ఏజెంటుని పట్టుకుని ఏ ఇంట్లో ఉందో అడగండి. బాగానే ఉండి పంపట్లేదని తేలితే అప్పుడు కోర్టు. అక్కడ మాత్రం మీ సంపాదన కూడా చూస్తారు, ఇద్దరి శక్తినిబట్టి పంచుతారు. ఇన్నాళ్లూ ఆమె పంపిన డబ్బు ఏమైందని కూడా అడుగుతారు. లెక్క దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: మా అల్లుడు అమెరికాలో ఉంటాడు. విడాకులప్పుడు మనవరాలికి నెలనెలా ఇవ్వమని 125 కింద ఆర్డర్ ఉంది. పాపకి పద్దెనిమిది నిండాయని చెప్పి పోయిన నెల నుంచి ఆపేశాడు. ఇంకా బీటెక్ రెండో ఏడాది. ఇక రావా?
– పాలకొల్లు

జవాబు: ఆ సెక్షన్ కింద మైనారిటీ తీరేదాకానే కాబట్టి ఆయన లెక్క అక్కడికి తప్పు కాదమ్మా. కానీ ఇందాక చెప్పిన 20వ సెక్షన్‌లో పెళ్లికాని కూతురు తనంత తాను పోషించుకోలేకపోతే తండ్రి పోషించాలని ఉంది. 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, అయితే దానికి వేరే దావా వేయాలి. పాత ఆర్డర్‌ని పట్టుకుని లాగితే కుదరదు. దావా మీ అమ్మాయి కాదు, మీ మనవరాలే వేయాలి, ఇప్పుడామె మేజరు. పద్దెనిమిది నిండకముందు నెలల బకాయి ఏమైనా ఉంటే ఏడాది దాటకుండా దానికి విడిగా పిటిషన్ వేయించండి.

అమెరికాలో పిల్లల భరణాన్ని జీతంలోంచే కోసి పంపే ఏర్పాటు ఉంది. కానీ అది అక్కడి ఆర్డర్ మీద నడుస్తుంది. ఒక దేశం భరణం ఆర్డర్‌ని ఇంకో దేశంలో అమలు చేయడానికి కుదిరిన 2007 హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు, కాబట్టి ఇక్కడి ఆర్డర్ దానంతటదే అక్కడ చెల్లదు, ఆయన ఉన్న రాష్ట్రంలో ఒక లాయరుని పెట్టి అక్కడి కోర్టు చేత ఒప్పించుకోవాలి. ఆ ఫీజు డాలర్లలో ఉంటుంది, రావాల్సిన బకాయి ఎంతో చూసుకుని దిగండి. ఆయనకి పాలకొల్లు చుట్టుపక్కల స్థలమో, చేనో ఉంటే ముందు ఇక్కడే చూడటం నయం.