ఆపరేషన్ చేయిస్తే మెల్లకన్ను మళ్ళీ తిరగదు కదా?

ప్రశ్న: మా పిల్లోడికి ఆరేళ్ళు సార్, మూడేళ్ళప్పటి నుంచి ఎడమ కన్ను ముక్కు వైపుకు తిరిగి ఉంటాది. మెల్లకన్ను అదృష్టం అని మా అత్తమ్మ ఇన్నాళ్ళూ ఆస్పత్రికి పోనీలేదు. ఇప్పుడు చూపిస్తే అద్దాలు రాసిచ్చి, మంచి కంటికి పట్టీ వేయమన్నారు, ఆపరేషన్ తర్వాత చూద్దామన్నారు. మా వీధిలో ఒక పాపకు ఆపరేషన్ చేపిస్తే రెండేళ్ళకు మళ్ళీ తిరిగింది. కొందరికి సక్సెస్ అయి కొందరికి ఎందుకు కాదు?
- ఒక తల్లి, ఆదోని

జవాబు: అదృష్టం సంగతి మీ అత్తమ్మతో నేను వాదించలేనమ్మా, కానీ ఆ మాటకు మూడేళ్ళు పోయినాయి. మీ డాక్టర్ వాయిదా వేస్తాండారని అనుకోవద్దు, ఆపరేషన్ నిలుస్తాదా లేదా అనేది సగం ఈ పట్టీ, అద్దాల దగ్గరే తేలిపోతాది.

కనుగుడ్డు బయటికి తీస్తారని మన పక్క ఇంకా భయపడతారు, అట్లేం లేదు. ఒక్కో కంటికి ఆరు కండరాలుంటాయి, అందులో లోపలికి, అంటే ముక్కు వైపుకు గుంజేదాన్ని కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిపి కుడతారు, కావాలంటే దాని ఎదురు కండరాన్ని కొంచెం కత్తిరించి బిగిస్తారు. ఎన్ని మిల్లీమీటర్లనేది ప్రిజం గాజులు పెట్టి కొలిచిన మెల్లను బట్టి. పిల్లోడు ఏడ్చి అటూ ఇటూ చూస్తే ఆ కొలత తప్పుతాది, అందుకే రెండు మూడుసార్లు రమ్మంటారు, విసుక్కోకండి.

అద్దాల కథ ఇంకోటి. ప్లస్ పవర్ ఉన్న పిల్లోళ్ళు స్పష్టంగా చూడాలని కష్టపడేకొద్దీ కన్ను లోపలికి పోతాది, సరైన అద్దాలు పెడితే కొందరికి అసలు ఆపరేషనే అక్కర్లేదు, కొందరికి సగం తగ్గి సగం మిగుల్తాది, ఆ మిగిలినదానికే ఆపరేషన్ చేయాలి. అద్దాలు లేకుండా కొలిచి మొత్తానికీ చేస్తే తర్వాత కన్ను బయటికి, అంటే చెవి వైపుకు తిరగొచ్చు.

ఇంక పట్టీ. తిరిగిన కంటి నుంచి వచ్చే బొమ్మను మెదడు పక్కన పెట్టేస్తాది, చూపు మందగిస్తాది. మంచి కంటిని మూస్తే ఈ కంటితోనే చూడాల్సి వస్తాది, అట్లా చూపు మెరుగుపడాలనే ఈ పట్టీ. కన్నును నిటారుగా పట్టి ఉంచేది కుట్లు కాదమ్మా, రెండు కళ్ళ బొమ్మల్నీ మెదడు ఒకటిగా కలుపుకోవడం, ఒక కంటికి చూపే సరిగా లేకపోతే ఆ పట్టు ఉండదు, ఎంత బాగా కుట్టినా మెల్లగా జారిపోతాది. ఆపరేషన్ కన్నును సరిచేస్తాది గానీ చూపు తెచ్చివ్వదు. పట్టీ అద్దాలకు కాకుండా కంటికే అతికించండి, లేదంటే సందులోంచి చూసేస్తారు, ఈ దొంగలు నాకు బాగా తెలుసు!

మీ వీధి పాపకు ఏమైందో చూడకుండా చెప్పలేను, అద్దాలు మానేసిందేమో అడగండి. మెల్ల మరీ ఎక్కువున్నా, నరం దెబ్బతిన్నా, పుట్టిన కొన్నాళ్ళకే వచ్చి చాలా ఏండ్లు అట్లే వదిలేసినా మళ్ళీ తిరిగే అవకాశం ఎక్కువే. రెండోసారి చేయాల్సి రావడం అరుదేం కాదు, కాకపోతే కోసిన కండరం అతుక్కుపోయి ఉంటాది గనక పని కష్టం.

ఇంకో డాక్టర్ మాట కూడా వినాలనుంటే కర్నూలు ప్రాంతీయ కంటి ఆస్పత్రికి పోండి, పాత అద్దాల చీటీ తీసుకుపోండి. చిన్నోళ్ళుంటే వాళ్ళనూ చూపించండి, మెల్ల ఇంట్లో ఒకరికుంటే ఇంకొకరికీ రావచ్చు. పవర్ చూడడానికి చుక్కలు వేస్తారు, ఆ రోజు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, హోంవర్కు అడగొద్దు.