పిల్లల ఎమర్జెన్సీలో కేస్ షీట్ రాయడం గుమస్తా పనేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. పిల్లల ఎమర్జెన్సీ వార్డులో పోస్టింగ్ వేశారు. రోజంతా కేస్ షీట్లు రాయడమే సరిపోతోందని, టైము రాయకపోతే సీనియర్ సిస్టర్ మందలిస్తున్నారని బాధపడుతోంది. ఈ గుమస్తా పనికి నాలుగేళ్ల చదువెందుకు? వేరే కోర్సులో చేర్పించమంటారా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: దయచేసి మాన్పించకండి. పెద్దవాళ్లయితే ఏ మందు ఎప్పుడు వేసుకున్నారో తామే చెప్పగలరు. ఏడాది బిడ్డ విషయంలో ఆ సంగతి తర్వాతి షిఫ్టు సిస్టరుకు తెలిసేది కేస్ షీటు వల్లనే.

పిల్లలకు మందు మోతాదును బరువును బట్టి లెక్కిస్తారు. జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ సాధారణంగా కిలోకు 15 మిల్లీగ్రాములు, అంటే 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. అయితే 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్, 250 మిల్లీగ్రాములుండే సిరప్ రెండూ మందుల షాపుల్లో దొరుకుతాయి కాబట్టి, షీటులో "సిరప్ 5 ఎంఎల్ ఇచ్చాం" అని మాత్రమే రాస్తే బిడ్డకు ఎంత మందు అందిందో చదివినవారికి తెలియదు. తల్లి ఇంట్లోనే ఒక మోతాదు పట్టించి తెచ్చిందన్న సంగతీ, పట్టించిన వేళా రాయకపోతే, నాలుగు గంటలైనా గడవకముందే మరో మోతాదు పడిపోతుంది. ఆ సిస్టర్ టైము గురించి అంత పట్టుపడుతున్నది అందుకే. బరువును తూచి రాశారో, అంచనాగా రాశారో కూడా షీటులో ఉండి తీరాలి.

ఊపిరి సంగతీ అంతే. "ఆయాసంగా ఉంది" అన్న మాట ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. నిండు నిమిషం లెక్కపెట్టి 45 అని రాస్తే, ఎనిమిది నెలల బిడ్డకు అది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 50 హద్దుకు లోపలే ఉందని, మూడేళ్ల బిడ్డకైతే 40 హద్దు దాటిందని డాక్టరుకు వెంటనే తెలుస్తుంది.

కాలిన గాయాలతోనో, దెబ్బలతోనో వచ్చిన బిడ్డ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎవరు తీసుకొచ్చారు, ఎలా జరిగిందన్నారు, గాయం ఎక్కడ ఎంత ఉంది అన్నవి చూసినట్టు, విన్నట్టు రాయాలే తప్ప సొంత తీర్పు చేర్చకూడదు. లైంగిక దాడి అనుమానం కలిగితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఆ కేసు కోర్టుకు వెళ్లినప్పుడు ఆ రోజు నర్సు రాసిన నాలుగు వాక్యాలు ఎంతో కీలకం కావచ్చు. పొరపాటు రాస్తే వైట్‌నర్ పూయకుండా ఒక్క గీతతో కొట్టివేసి, సంతకం, టైము వేయాలి.

ఉద్యోగం గురించి మీకు బెంగ అక్కర్లేదు. డిగ్రీ తర్వాత ఎమర్జెన్సీ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా గానీ, చైల్డ్ హెల్త్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ గానీ చేయవచ్చు. ఆసుపత్రుల క్వాలిటీ విభాగాల్లోనూ రికార్డులు తెలిసిన నర్సులకు చోటుంటుంది.

ఈ పోస్టింగ్ ముగిసేలోగా, షిఫ్టు మారే వేళ ఆ సిస్టర్ పక్కనే నిలబడి, ఆమె ఒక్కో బిడ్డ వివరాలు తర్వాతి వారికి ఎలా అప్పగిస్తున్నారో శ్రద్ధగా వినమని మీ అమ్మాయికి చెప్పండి. నేర్చుకోవడానికైనా సరే, కేస్ షీట్ల ఫొటోలు మాత్రం ఫోనులో తీసుకోవద్దని చెప్పండి. అవి ఆ బిడ్డల సొంత విషయాలు.