‘లెట్’ పోనిస్తుందా, అడ్డుతుందా?

ప్రశ్న: పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఉన్న విన్నపంలో ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ అని చదివాను. లెట్ అంటే అనుమతించడం కదా! ‘అనుమతి లేకుండా’ పోనివ్వమనడం ఏమిటి?
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ లెట్ వేరు. అక్కడ దాని అర్థం అడ్డు, ఆటంకం. పక్కనే ఉన్న హిందీ పాఠం చూడండి, ‘బినా రోక్-టోక్’ అనే ఉంటుంది.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిషులో ఇవి రెండు క్రియలు. ‘ల్యాటన్’ అంటే విడిచిపెట్టడం, పోనివ్వడం. ‘లెట్టన్’ అంటే ఆలస్యం చేయడం, అడ్డుకోవడం. మనం రోజూ అనే ‘లేటు’కు దగ్గరి చుట్టం. ఇంకా వెనక్కి వెళితే రెండింటి ధాతువూ ఒకటే. పలుకుబడిలో చివరి అక్షరాలు అరిగిపోయి, ఎదురెదురు అర్థాలున్న మాటలు రెండూ ‘లెట్’గానే మిగిలాయి. షేక్‌స్పియర్ కాలానికి రెండూ వాడుకలోనే ఉన్నాయి. తండ్రి ప్రేతం వెంట వెళ్ళకుండా పట్టుకున్న మిత్రులతో హామ్లెట్ ‘నన్ను లెట్ చేసేవాణ్ణి ప్రేతాన్ని చేస్తా’ అంటాడు. అడ్డొస్తే చంపుతానని! 1611 నాటి ఇంగ్లిషు బైబిలులో, థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక 2:7లో కూడా ఈ లెట్టే ఉంది. తెలుగు బైబిలు అక్కడ ‘అడ్డగించు’ అంటుంది.

ఇప్పుడిది పాస్‌పోర్టులోనూ, ఆటల్లోనూ మిగిలింది. టెన్నిస్‌లో సర్వీసు బంతి నెట్‌కు తగిలి సరైన గడిలోనే పడితే ‘లెట్’, ఆ సర్వీసు మళ్ళీ వేయాలి. తగిలి బయట పడితే ఫాల్టే. చాలామంది దీన్ని ‘నెట్’ అంటారు, అది పొరపాటు. బ్యాడ్మింటన్‌లో మాత్రం షటిల్ నెట్‌ను తాకి సరైన చోట పడితే ఆట సాగుతుంది.

ప్రశ్న: ‘లెట్ అస్ గో’ అంటే ‘వెళ్దాం’ అనా, ‘వెళ్ళనివ్వండి’ అనా? టులెట్ బోర్డులోదీ ఇదేనా?
– పాఠకుడు, తెనాలి

జవాబు: రెండర్థాలూ ఉన్నాయి. మనకు ‘మనం’, ‘మేము’ వేరుగా ఉన్నాయి కాబట్టి తేల్చుకోవడం తేలిక. వినేవారినీ కలుపుకుంటే ‘మనం వెళ్దాం’. దాన్నే ‘లెట్స్’ అని కుదించవచ్చు. వినేవారిని అడుగుతుంటే ‘మమ్మల్ని వెళ్ళనివ్వండి’; దీన్ని కుదించకూడదు.

బోర్డులోదీ పోనిచ్చే లెట్టే. తెలుగులోనూ ‘వెళ్ళనివ్వు’, ‘అద్దెకివ్వు’ రెండింట్లోనూ ‘ఇవ్వు’ ఉంది చూడండి! ఇల్లుగలవారు లెట్ చేస్తారు, అద్దెకు దిగేవారు రెంట్ చేస్తారు.

ఎక్కువగా తప్పు జరిగేది ‘లెట్ మి టు గో’ దగ్గర. ‘అలవ్’ తర్వాత ‘టు’ రావాలి, ‘లెట్’ తర్వాత రాకూడదు. భూతకాలంలోనూ ‘లెట్’ అనే రాయాలి, ‘లెట్టెడ్’ అనే రూపం లేదు.